దావీదు రాయని కీర్తన

పాఠశాల ప్రత్యేక సంచిక వేస్తున్నారట, నన్నూ ఏదైనా రాయమన్నారు. ఫోన్ చేసిన విద్యార్థి "మేడం గారూ, మీ సేవలో దేవుడు చేసిన మేలుల గురించి రెండు పేజీలు" అని విషయం కూడా తనే ఇచ్చేశాడు. మేలుల గురించి రాయడానికి మీకు బోలెడుమంది ఉన్నారు. వాళ్ళ ఫోటోలు కూడా బాగుంటాయి. నేను ఒక కీర్తన గురించి రాస్తాను. వేసుకుంటే వేసుకోండి, చింపేస్తే చింపేయండి. ఈ వయసులో నన్ను పిలిచి సంజాయిషీ అడిగేవాళ్ళు లేరు. అడిగినా పెందుర్తి నుంచి కంచరపాలెం దాకా బస్సెక్కి వచ్చే ఓపిక నాకు లేదు.

నన్ను ఎరగని కొత్తవాళ్ళ కోసం చెబుతాను. పాస్టర్లను తయారు చేసే మీ పాఠశాలలోనే నేను ఉద్యోగమంతా చేశాను. పాత నిబంధన చెప్పేదాన్ని, అందులోనూ కీర్తనల గ్రంథం నా పేపరు. నా దగ్గర చదివినవాళ్ళు పాస్టర్లయ్యారు, పెద్ద సంఘాలు నడిపారు, కొందరు కార్లు కూడా కొన్నారు. నేను మాత్రం పాస్టరు కాకూడదు, ఆడదాన్ని కాబట్టి. పాస్టరుకి పాఠం చెప్పొచ్చు గానీ పాస్టరు కాకూడదన్నమాట. నెత్తి నెరిసినా అందరికీ సిస్టర్‌నే. ఈ విషయం మీద నాకున్న కోపం ఇంకో సంచికకి సరిపోతుంది, ఇక్కడ కలపను.

ప్రతి ఏడూ మొదటి క్లాసులో ఒకే ప్రశ్న అడిగేదాన్ని. "కీర్తనలు ఎవరు రాశారు?" క్లాసంతా ఒక్క గొంతుతో "దావీదు" అనేది. సరే, తెరవండి అనేదాన్ని. కీర్తన పైన చిన్న అక్షరాల్లో ఉండే తలకట్టు మన వాళ్ళెవరూ చదవరు, సినిమాకి ఆలస్యంగా వెళ్ళేవాళ్ళలాగా నేరుగా మొదటి వచనం దగ్గర కూర్చుంటారు. ఆ తలకట్లు చదివించేదాన్ని. సగం దాకా దావీదు పేరు వస్తుంది. తర్వాత ఆసాపు వస్తాడు, సొలొమోను వస్తాడు, ఒక చోట మోషే వస్తాడు, కోరహు కుమారులు వస్తారు. చాలా వాటికి ఏ పేరూ ఉండదు. దావీదు ప్రార్థనలు ఇక్కడితో ముగిశాయి అని ఒకచోట రాసి ఉంటుంది, ఆ తర్వాత మళ్ళీ దావీదు పేరుతోనే కొన్ని వస్తాయి. బబులోనుకి చెరపట్టి తీసుకుపోయినవాళ్ళు నది ఒడ్డున కూర్చుని ఏడ్చిన పాట వస్తుంది, అప్పటికి దావీదు పోయి కొన్ని వందల ఏళ్ళు. క్లాసులో మొహాలు మెల్లగా మారేవి. కొందరికి భయం, కొందరికి నా మీద అనుమానం.

అప్పుడు రెండో ప్రశ్న అడిగేదాన్ని. "మన ఇళ్ళలో ఎవరైనా పోతే ఆడవాళ్ళు శోకాలు పెడతారు కదా. రాగం తీసి, పోయినవాళ్ళని పిలిచి, వాళ్ళ మంచీ చెడ్డా చెప్పి, దేవుణ్ణి నిలదీసి ఏడుస్తారు కదా. ఆ మాటలు ఎవరు రాశారు?"

ఈ ప్రశ్నకి ఏ ఏడూ ఎవరూ చప్పున జవాబు చెప్పలేదు. ఒక్క ఏడు మాత్రం వెనక బెంచీ నుంచి ఒక పెద్ద గొంతు లేచింది.

"ఎవులూ రాయనేదు మేడమ్. మా అమ్మమ్మ అనేది, ఇప్పుడు మా అమ్మ అంతాది. ఎవులు పోతే ఆళ్ళ పేరెట్టుకుంతారు. ఆ మనిసిని బట్టి రెండు ముక్కలు కలుపుతారు. ఏడిసినోళ్ళందరిదీనూ అది."

నేను ఆ ఏడంతా చెప్పబోయే పాఠం అతను అక్కడే చెప్పేశాడు. నేను మాత్రం "గొంతు తగ్గించి మాట్లాడు నాయనా, ఇది హార్బరు కాదు" అన్నాను. క్లాసు నవ్వింది, అతనూ నవ్వాడు.

అతను నిజంగానే హార్బరు నుంచి వచ్చినవాడు. ముప్పై దాటాక చదువుకొచ్చాడు. అంతకుముందు ఖలాసీగా ఓడల్లో సరుకు దించే పని. సరుకు ఎత్తే విన్చి యంత్రం మోతలో పైనున్నవాడికి వినపడేలా అరిచి అరిచి ఆ గొంతు అలా తయారైంది. ఎంత పవిత్రమైన వాక్యం చదివినా కింద ఎవరికో 'దించు దించు' అంటున్నట్టే ఉండేది. మల్కాపురంలో రేకుల షెడ్డులో చిన్న ప్రార్థన కూడిక నడిపేవాడు. తల్లి సముద్రపు ఒడ్డు పేట మనిషి, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగినావిడ. పెళ్ళయి పిల్లలు పుట్టాక సంఘంలో చేరింది. పుట్టింటివాళ్ళు ఇప్పటికీ వాళ్ళ దేవతలకే మొక్కుతారు, వేటకి వెళ్తారు. అతనికి ఒక తమ్ముడు.

ఎనభై ఎనిమిదో కీర్తన చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. దుఃఖంతో మొదలయ్యే కీర్తనలు చాలా ఉన్నాయి, దాదాపు అన్నీ ఎక్కడో ఒక చోట మలుపు తిరిగి నమ్మకంలోకో కృతజ్ఞతలోకో వస్తాయి. ఇదొక్కటి రాదు. చావుకి దగ్గర పడ్డ మనిషి, నన్ను లోతు గోతిలో పెట్టావు, నా వాళ్ళని నాకు దూరం చేశావు, ఎందుకు మొహం దాచుకున్నావు అని అడుగుతూనే ఉంటాడు. జవాబు రాదు. చీకటి దగ్గర కీర్తన ఆగిపోతుంది. "మిగతా కాగితం చిరిగిపోయిందా మేడమ్?" అని ఒకతను అడిగాడు. లేదు, అది అంతే అన్నాను. తలకట్టులో హేమాను అన్న పేరు ఉంటుంది, కోరహు కుమారులదని ఉంటుంది. కోరహు ఎవరో తెలుసు కదా, మోషే మీద తిరగబడితే భూమి నోరు తెరిచి మింగేసిన మనిషి. అతని పిల్లలు మాత్రం చావలేదు. వాళ్ళ సంతతి తర్వాత దేవాలయంలో పాటలు పాడేవాళ్ళయ్యారు. ఇంతవరకు చెప్పేసరికి గూడ్సు బండి వచ్చింది. పట్టాల పక్క బడి కదా, బండి పోయేదాకా పాఠం ఆపాలి. ఆ మోతలోనే అతను ముందుకు వంగి నాతో అన్నాడు. ఆ మోతలో వినపడే గొంతు అతనిదొక్కటే.

"గొయ్యి సంగతి ఆళ్ళకే తెలస్తాది మేడమ్. ఇంటి మనిసి అందులోకి ఎల్లిపోనాడు కదా."

ఆ ఏడాది చివర్లో అతని తమ్ముడు పోయాడు. ఒక కాంట్రాక్టరు దగ్గర ట్యాంకులు శుభ్రం చేసే పని. లోపల గాలి ఎలా ఉందో చూడకుండా, మూతికి గుడ్డ ముక్క తప్ప ఇంకేమీ లేకుండా దింపారు. దిగినవాడు దిగినట్టే పడిపోయాడు. ఫోన్ వచ్చినప్పుడు అతను నా క్లాసులోనే ఉన్నాడు. లేచి, పుస్తకం మూసి, బెంచీ కింద చెప్పులు వెతుక్కుని, నాకు చెప్పి వెళ్ళాడు. ఆ చెప్పడం కూడా మెల్లగా చెప్పాడు.

ఇప్పుడు ఆ కాంట్రాక్టరు గురించి చెప్పాలి. ఆయన మా సంఘ పెద్ద. వాళ్ళ నాన్న కాలంలో గోదావరి జిల్లా నుంచి స్టీలు ప్లాంటు పనుల కోసం వచ్చిన కుటుంబం. మర్యాదస్తుడు, సాటివాళ్ళతో అండీ అనకుండా మాట ముగించడు. బడి లైబ్రరీకి పైకప్పు వేయించింది ఆయనే. పాఠశాల కమిటీలో ఉన్నాడు, సంఘం కమిటీలో ఉన్నాడు, సమాధుల తోట కమిటీలోనూ ఉన్నాడు. పుట్టినప్పటి నుంచి పూడ్చేదాకా ఆయన సంతకం తప్పదు.

భూస్థాపనకి మేమందరం వెళ్ళాం. తల్లి పుట్టింటి ఆడవాళ్ళు పేట నుంచి ఆటోల్లో వచ్చారు. వచ్చీ రాగానే జుట్లు విప్పుకుని, పెట్టె చుట్టూ కూర్చుని శోకం ఎత్తుకున్నారు. మన సంఘాల్లో దానికి ఒప్పుకోరు. పరలోకం మీద ఆశ ఉన్నవాళ్ళు అలా ఏడవకూడదు, చూసేవాళ్ళ ముందు సాక్ష్యం చెడిపోతుంది అంటారు. సంఘ పెద్ద పాటలవాళ్ళకి సైగ చేశాడు. వాళ్ళు గట్టిగా పాట ఎత్తుకున్నారు. ఆడవాళ్ళ గొంతు మీద పాట, పాట మీద ఆడవాళ్ళ గొంతు. పాట అయిపోగానే సంఘ పెద్ద ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, తల వంచుకుని రెండు మాటలు చెప్పాడు. దేవుడు తన బిడ్డని తన దగ్గరికి పిలుచుకున్నాడు, ఆయన చిత్తాన్ని మనం ప్రశ్నించకూడదు అన్నాడు.

తల్లి అప్పటిదాకా వాళ్ళ అమ్మ నుంచి వచ్చిన పాత మాటలే అంటోంది. అది విని తలెత్తి చూసి, మళ్ళీ కొడుకు మీదికి వంగి, అదే రాగంలో కొత్త మాట కలిపింది.

"దేవుడు పిలిసినాడంతన్నారు నా కొడకా... నిన్ను పిలిసింది సూపర్వైజరు కదరా నా తండ్రీ... దిగమన్నోడు గట్టున నిలబడ్డాడు కదరా... దేవుడి మీదకెట్టేత్తన్నారు కదరా..."

ఇంకెవరూ పాట ఎత్తుకోలేదు. పాస్టరు గారు ఎప్పటిలాగే ఇరవై మూడో కీర్తన, కాపరి కీర్తన, తీసి పట్టుకుని నిలబడిపోయారు. ఇంటి పెద్దకొడుకు, పైగా పాస్టరు చదువు చదువుతున్నవాడు, కాబట్టి ఆనవాయితీగా "బ్రదర్, నువ్వొక వాక్యం చదువు" అన్నారు. అతను ఎనభై ఎనిమిది చదివాడు. విన్చి గొంతుతో, మొదటి నుంచి చివరి దాకా. చీకటి దగ్గర ఆపి, పుస్తకం మూసి, తల్లి పక్కన కూర్చున్నాడు. ప్రార్థన చేయలేదు, ఆదరణ మాట చెప్పలేదు. నేను ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన కీర్తన అది. దాన్ని ఒక మనిషి వాడుకోవడం నేను చూడటం అదే మొదలు.

చదువు పూర్తయ్యాక అతని ఆర్డినేషన్ వచ్చింది, అంటే పూర్తి పాస్టరుగా చేతులుంచి నియమించడం. అది లేకపోతే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకూడదు, బాప్తిస్మం ఇవ్వకూడదు, సమాధుల తోటలో భూస్థాపన జరిపించకూడదు. ఊరికే ప్రసంగం చెప్పుకోవాలి. మల్కాపురం షెడ్డులో జనం ఆ రోజు కోసం ఎదురు చూస్తున్నారు. దానికి ముందు కమిటీ పిలిచి ప్రశ్నలు అడుగుతుంది. ఆ ముందురోజు అతను బడి వరండాలో నన్ను పట్టుకున్నాడు.

"రేపు ఏటడుగుతారు మేడమ్?"

"నీ పిలుపు గురించి అడుగుతారు, సిద్ధాంతం అడుగుతారు. కీర్తనలు ఎవరు రాశారంటే తలకట్టుల్లో ఉన్నది చెప్పు. పెంచకు."

"ఎనబై ఎనిమిది అడిగితే?"

"అడగరు. సంఘ పెద్దకి దాని జోలికి వచ్చే మొహం ఉందా?" అన్నాను. ఉంది. నాలాంటివాళ్ళం మనుషుల మొహాల్ని ఎప్పుడూ తక్కువ అంచనా వేస్తాం.

మర్నాడు కమిటీ గదిలో ప్రిన్సిపాల్ గారు అధ్యక్షుడు. ఆయన పక్కన సంఘ పెద్ద. పాఠం చెప్పినదాన్ని కాబట్టి ఒక వారన నాకూ కుర్చీ వేశారు. బిస్కెట్లు పెట్టారు. మొదట అంతా బాగానే నడిచింది. తర్వాత ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"బ్రదర్, కీర్తనల గ్రంథం రాసింది ఎవరు?"

"కొన్నిటికి దావీదు పేరుందండి. ఆసాపుయి ఉన్నాయి, కోరహు కుమారులయి ఉన్నాయి, మోసేది ఒకటున్నాది. సానావాటికి ఏ పేరూ నేదండి."

"ఒక్క మాటలో చెప్పు."

"ఒక్క మాటలో సెప్పడానికి ఒక్కరు రాయనేదు కదండి."

"ప్రభువే స్వయంగా దావీదు అన్నాడు కదా. అంటే ప్రభువుకి తెలియదంటావా?"

"ప్రెబువు ఆ ఒక్క కీర్తన గురించి అన్నారండి. అది దావీదుదే. నాను కాదన్నేదు."

ఇక నేను ఊరుకోలేకపోయాను. బబులోను నది దగ్గర ఏడ్చిన కీర్తన సంగతి ఏమిటండీ, దావీదు అప్పటికి లేడు కదా అన్నాను. ప్రిన్సిపాల్ గారు నా వైపు జాలిగా చూశారు.

"సిస్టర్, దావీదు ప్రవక్త కూడా. ముందే చూసి రాశాడు."

"అంత ముందే చూసినవాడు, జాగ్రత్తగా ఉండండర్రా అని ఒక్క ముక్క రాసి పోవాల్సింది" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు సంఘ పెద్ద జేబురుమాలు మడిచి పక్కన పెట్టాడు. "నేనో మాట అడగొచ్చాండీ?" అని మా అందరి అనుమతి తీసుకున్నాడు. "బాబూ, మీ తమ్ముడి భూస్థాపనలో చదివావు చూడు, ఆ కీర్తన ఎవరిదయ్యా?"

"కోరహు కుమారులదండి."

"కోరహు ఎవరు?"

"మోసే మీద తిరగబడ్డోడండి."

"అదీ సంగతి. దేవుడు పెట్టిన పెద్ద మీద తిరగబడినవాడి సంతానం మాటలు ఏరి ఏరి తెచ్చి సమాధి దగ్గర చదివావు. ఎవరినయ్యా అనడానికి?"

ఆయన తెలివైనవాడని నేనెప్పుడూ ఒప్పుకుంటాను. ఆ కీర్తన అక్కడ ఎవరికి తగిలిందో మా అందరికన్నా బాగా ఆయనకే తెలుసు. "అయ్యా, ఇప్పుడే కదండీ అన్నీ దావీదే రాశాడన్నారు" అన్నాను.

"అన్నీ ఆయనవేనండి మేడం గారూ" అన్నాడు సంఘ పెద్ద. "ఆ ఒక్కటీ తప్పించండి."

నాకు పైకే నవ్వొచ్చింది. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. అంతమంది పండితులు రాసిన అన్ని పుస్తకాలు చదివాను, కీర్తనల కర్తృత్వం గురించి ఇంత నిజాయితీ గల సిద్ధాంతం నాకెక్కడా దొరకలేదు. మనకి నచ్చినవి దావీదువి, మనల్ని అడిగేవి ఇంకెవరివో.

అతను మాత్రం నవ్వలేదు. కోపంగా కూడా లేడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఆయనకి పాఠం అర్థం కాలేదేమో అన్నట్టు నెమ్మదిగా చెప్పాడు.

"కోరహుని బూమి మింగేసిందండి. పిల్లలు మిగిలినారు. మిగిలినోళ్ళకి గొయ్యి ఎలాగుంటాదో తెలస్తాది. అందుకని అది సదివినాను. మా తమ్ముడూ గొయ్యిలాటి దాన్లోకే దిగినాడు కదండి."

ప్రిన్సిపాల్ గారు బిస్కెట్ల పళ్ళెం అతని వైపు జరిపి, ఎంతో ప్రేమగా, దారి చూపించారు. వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి, బాధలో ఉండి తప్పు కీర్తన చదివాను అని ఒక్క మాట చెబితే చాలు. ఆ పై ఆదివారమే ఆర్డినేషన్. షెడ్డు జనాన్ని కూడా పిలుచుకోవచ్చు, భోజనాలు సంఘ పెద్ద గారే పెట్టిస్తారు.

"తప్పు కీర్తనంటే, బైబిల్లో తప్పున్నాదని సెప్పమంతారేటండి?"

"బైబిలు తప్పని కాదు బ్రదర్. సందర్భం తప్పు."

"తమ్ముడు పెట్టిలో ఉన్నాడు. అంతకన్నా ఆ కీర్తనకి సందర్భం ఇంకెప్పుడొస్తాదండి?"

అతను లేచాడు. "ఆదివారం మా అమ్మ ముందు వరసలో కూకుంటాది. ఆవిడ మొకం సూసి ఆ మాట నాను సెప్పలేనండి" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. బిస్కెట్ ముట్టుకోలేదు. తీర్మానంలో 'అభ్యర్థి ఆత్మీయంగా ఇంకా ఎదగాలి' అని రాశారు. ఎవరు ఎంత ఎదగాలో ఆ గదిలో నాకు బాగానే కనపడింది. నా అభ్యంతరం రాసుకోమన్నాను. నోటితో చెప్పారు కదా సిస్టర్, చాలు అన్నారు. తర్వాతి ఏడు కీర్తనల పేపరు నా దగ్గర నుంచి తీసేసి, ఆదివారపు బడి పిల్లలకి అభినయ గీతాలు నేర్పే పద్ధతి అనే పేపరు ఇచ్చారు. రిటైరయ్యేదాకా చేతులు ఊపుతూ అదే చెప్పాను.

అతన్ని తిట్టాను కూడా. "ఈ ఊళ్ళో బోర్డు పెట్టుకున్నవాడల్లా పాస్టరే. నువ్వూ సొంతంగా ఒకటి పెట్టుకో, వీళ్ళ చేతులు నీ నెత్తిన పడితే ఎంత, పడకపోతే ఎంత" అన్నాను.

"సంఘం ఒగ్గేత్తే ఆ తోట గేటు మాకు తీయరు మేడమ్. తమ్ముడు ఆడనే ఉన్నాడు. అమ్మ కూడా ఆడి పక్కన్నే పండుతానంతాది" అన్నాడు. మనిషిని ఎక్కడ పట్టుకుంటే కదలడో కమిటీలకి తెలుసు.

ఇది ఇక్కడితో అయిపోతే రాసేదాన్ని కాదు. కొన్నేళ్ళ తర్వాత, నేను రిటైరయి పెందుర్తి వచ్చేశాక, సంఘ పెద్ద గారి కూతురు జబ్బు చేసి పోయింది. పెళ్ళీడు పిల్ల. సంగీతం వచ్చు, ఆదివారాలు కీబోర్డు వాయించేది. ఆ పిల్లని నేనూ ఎరుగుదును, నాకూ కష్టంగానే ఉంది. భూస్థాపన ఘనంగా జరిగింది. ఎందరో పాస్టర్లు వచ్చారు, అందరూ పిలుచుకున్నాడు అనే అన్నారు. ఆ తల్లి ఏడవలేదట. ఎంత గొప్ప విశ్వాసం అని జనం చెప్పుకున్నారు. ఒక వారం పోయాక ఆవిడే నాకు ఫోన్ చేసింది.

"మేడం గారండీ, అందరూ వచ్చి ఆనందించమంటున్నారండి. నాకు ఊపిరి ఆడ్డం లేదండి. ఆ కుర్రాడు చదివాడు చూడండి, ఆ కీర్తన... ఒక్కసారి ఆ అబ్బాయిని తీసుకొస్తారాండీ?"

నాకు వెళ్ళాలని లేదు, నిజం చెప్పాలంటే మనసులో ఏదో ఒక మూల తగిన శాస్తి అన్న మాట కూడా మెదిలింది. అయినా వెళ్ళి అతనికి చెప్పాను. అప్పటికి మల్కాపురంలో లారీల సరుకు మీద టార్పాలిన్ పట్టాలు కట్టే పనిలో ఉన్నాడు. చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని నాతో వచ్చాడు.

హాల్లో ఆ పిల్ల ఫోటోకి దండ లేదు, మన వాళ్ళు వేయరు కదా, పక్కన కీబోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. సంఘ పెద్ద గారు ఒక మూల సోఫాలో కూర్చున్నాడు, మనిషి సగమైపోయాడు. అతను నిలబడే చదివాడు. ఎంత తగ్గించి చదివినా ఆ గొంతు ఇల్లంతా నిండింది. చివరి చీకటి మాట చదివి ఆగాడు. సంఘ పెద్దే అడిగాడు.

"అయిపోయిందా?"

"అయిపోయిందండి. అక్కడికే ఉన్నాది."

అప్పుడు ఆ తల్లి ఒక్కసారిగా కూలబడి, "నా తల్లీ, నా బంగారు తల్లీ, నీ పెట్టె మూసేటప్పుడు కూడా నన్ను ఏడవనివ్వలేదే వీళ్ళు" అని రాగం తీసింది. గోదావరి యాస శోకం. ఆ ఇంట్లో ఏనాడూ వినపడనిది, ఎవరూ నేర్పనిది, నోటికి వచ్చేసింది. చాలాసేపు ఏడ్చింది. మేము ఆపలేదు. సంఘ పెద్ద కూడా ఆపలేదు, రుమాలు మొహం మీద వేసుకుని కూర్చున్నాడు. ఆయన కూడా ఏడ్చాడనే అనుకుంటున్నాను.

ఇక్కడ మీరందరూ ఒక మలుపు కోసం చూస్తారు. కీర్తనల్లో వచ్చేలాంటిది. నేనూ చూశాను. ఆయన మమ్మల్ని గేటు దాకా సాగనంపాడు. అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యే, ఇంకో చోట నెత్తిన పడాల్సిన చెయ్యి. తర్వాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "బాబూ, మా ఇంట్లో ఇది చదివిన సంగతి బయట ఎక్కడా అనకయ్యా" అన్నాడు.

"అనను లెండి" అన్నాడు అతను. అనలేదు కూడా. నేను అంటున్నాను. ఆ తర్వాతి కమిటీలో అతని ఫైలు మళ్ళీ వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆయన ఇప్పటికీ కమిటీలో ఉన్నాడు, ఈ సంచికకి శుభాకాంక్షలు కూడా ఆయనే రాస్తాడు. సమాధుల తోట గోడకి మాత్రం కొత్తగా నిశ్శబ్దం పాటించండి అని రంగుతో రాయించారు.

మొన్న మీ ప్రశ్నపత్రం ఒకటి చూశాను. కీర్తనల గ్రంథ రచయిత ఎవరు, ఒక మార్కు. దావీదు అనే రాయండి పిల్లలూ. మార్కు వదులుకోవడానికి మీరేం ఖలాసీలా. కాకపోతే రేపు పాస్టర్లయ్యాక ఏ తల్లయినా పెట్టె మీద పడి నోరు తెరిస్తే, పాటలవాళ్ళకి సైగ చేయకండి. ఆ నోటి నుంచి వచ్చేది ఎక్కడిదో నేను చెప్పాల్సినంత చెప్పాను, మీ సిలబస్‌లో లేకపోతే అది నా తప్పు కాదు.

పోయిన నెల అతను పెందుర్తి వచ్చాడు, తల్లి పంపిన ఎండు చేపలు ఇవ్వడానికి. మాటల్లో మాటగా అడిగాను. "నేను పోయాక నన్నూ ఆ తోటలోనే పెడతారు కదా, నువ్వు చదువుతావా? నీకు ఏది ఇష్టమైతే అది" అన్నాను. అడిగాక గుర్తొచ్చింది, వాళ్ళు అతన్ని చదవనివ్వరు. పైగా నాకు వెనకా ముందూ ఎవరూ లేరు, శోకం పెట్టేవాళ్ళు అసలే లేరు.

అతను గుమ్మంలో చెప్పులేసుకుంటూ నవ్వాడు.

"ఏడిసేవోళ్ళు నేరని బెంగెట్టుకోకండి, మా అమ్మని తెత్తాను. లోపలికి రానియ్యకపోతే గోడవతల నిలబడి సదివేత్తాను మేడమ్. మీకు ఇనపడతాది."

క్లాసులో లాగా గొంతు తగ్గించమని ఆ రోజు నేను అననులే అన్నాను.